టేపు పట్టే డాక్టరు

మా ఊరి పేరే ఒక ప్రశ్న. యాడికి అంటే సీమ మాటలో ‘ఎక్కడికి’ అని. పురుగుల మందు తాగినవాణ్ని అర్ధరాత్రి ఆటోలో పడుకోబెట్టాక ఇంటిల్లిపాదీ అడిగే మాటా అదే: ‘యాడికి?’ జవాబు అందరికీ కంఠతా వచ్చు. తాడిపత్రి, కాదంటే అనంతపురం, అదీ కాదంటే కర్నూలు. పొలం అమ్మగలిగితే బెంగళూరు.

ఈ వరస మారాలంటే ఏం కావాలని అడగండి. నాయకుడు, పేపరు, రచ్చబండ అందరిదీ ఒకటే పాట: వెంటిలేటర్లు తెప్పించండి, పడకలు పెంచండి. ఎండీ అయ్యాక మళ్లీ మూడేళ్లు ఐసీయూ వైద్యం చదివే డీఎం, డీఆర్‌ఎన్‌బీ అంటే మాత్రం పెదవి విరుస్తారు. అది హైదరాబాదు కార్పొరేట్ ఆసుపత్రుల సోకట, మనకు మత్తు డాక్టరుంటే చాలట. డాక్టర్లలోనూ ఈ మాట అనేవాళ్లున్నారు. ఇది శుద్ధ తప్పు. కరువు సీమలోనైతే ప్రాణాలు తీసే తప్పు.

పడకలెంత తొందరగా వస్తాయో 2021లో తాడిపత్రి పక్కనే చూశాం. అర్జాస్ స్టీల్ ప్లాంటు ఆక్సిజన్ ఆసరాతో 500 పడకల తాత్కాలిక కోవిడ్ ఆసుపత్రి వారాల్లో లేచింది. మంచి పనే, కాదనను. డబ్బూ పట్టుదలా ఉంటే డేరా లేస్తుంది. అందులో రాత్రి రెండింటికి వెంటిలేటరు ముందు నిలబడి ఏ మీట ఎంత తిప్పాలో తెలిసిన మనిషి వారాల్లో తయారుకాడు.

ఆ మీట సంగతే చూడండి. దెబ్బతిన్న ఊపిరితిత్తుల్లోకి ఒక్కో ఊపిరికి ఎంత గాలి పంపాలి? దానికి తూకం చూస్తే సరిపోదు, టేపు పట్టి పొడవు కొలవాలి. మనిషి లావెక్కితే ఊపిరితిత్తులు పెరగవు కదా. నూట యాభై సెంటీమీటర్ల ఆడమనిషికి ఉండాల్సిన బరువు లెక్కన 43 కిలోలు, కిలోకు 6 మిల్లీలీటర్ల చొప్పున దాదాపు 260. పావు లీటరుకు కాస్త ఎక్కువ. చూసే దిక్కులేక మీట అరలీటరు దగ్గరే ఉండిపోయిందనుకోండి, ప్రతి ఊపిరీ ఆ ఊపిరితిత్తులను సాగదీసి చింపుతుంది. అమెరికాలో 861 మంది రోగులపై చేసిన పరిశోధన 2000లో వెలువడింది. కిలోకు 12 చొప్పున గాలి పెట్టినవాళ్లలో నూటికి దాదాపు 40 మంది పోయారు, 6 చొప్పున పెట్టినవాళ్లలో 31 మంది. మిషన్లు అవే. మీట తిప్పిన లెక్క వేరు.

అసలు ఈ వైద్యం పుట్టినప్పుడు మిషన్లే చాల్లేదు. 1952లో కోపెన్‌హేగెన్‌లో పోలియో ముంచెత్తితే, బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు గొంతులో రంధ్రం చేయించి, గొట్టం పెట్టి, చేత్తో సంచి నొక్కి ఊపిరి పోయించాడు. దాదాపు 1,500 మంది వైద్య విద్యార్థులు వంతులేసుకుని నొక్కారు.

‘చూశావా, ఆయనా మత్తు డాక్టరే’ అంటారు. నిజమే. అయితే ఆయన థియేటర్ వదిలి వార్డులోకొచ్చాడు. మన పెద్దాసుపత్రుల్లో ఆ డాక్టరు సిజేరియన్ల మధ్య ఊపిరాడక ఉంటాడు. ఆయనకు చేతగాదని ఎవరన్నారు? మంచం పక్కన నిలబడే తీరికే లేదు.

ఆ నిలబడటమే ఈ చదువు. పురుగుల మందు తాగినవాడికి అట్రోపిన్ ఎక్కిస్తారు. తేరుకుంటాడు, మాట్లాడతాడు, ఇంట్లోవాళ్లు బట్టలు సర్దుకుంటారు. ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మెడ కండరాలు చచ్చుబడి, ఉన్నట్టుండి ఊపిరి ఆగిపోవచ్చు. దీన్ని 1987లో శ్రీలంక వైద్యులు సేననాయకే, కరల్లియద్దె లోకానికి చెప్పారు. కనిపెట్టడానికి స్కానింగు అక్కర్లేదు. ‘తలగడ మీంచి తలెత్తు నాయనా’ అని పూటపూటా అడగాలి. ఎత్తలేకపోతే గొట్టానికి సిద్ధం కావాలి. అలా అడగడం అలవాటు కావాలంటే, అడగనందుకు సీనియర్ చేత చివాట్లు తిన్న రాత్రులు కొన్ని ఉండాలి.

ఇక ఖర్చు. మిషన్ మీద పెట్టడం కన్నా దింపడం కష్టం. రోజూ పొద్దున మత్తు తగ్గించి, సొంతంగా ఊపిరి తీసుకోగలడేమో పరీక్షించేవాడుంటే గొట్టం ముందే ఊడుతుంది. లేకపోతే ఇంకో రోజు, ఇంకో బిల్లు, వేరుశనగ పంట మీద ఇంకో అప్పు. పైచదువు డాక్టరు సోకని చెప్పేవాళ్లు ఈ లెక్క వెయ్యరు.

వాళ్ల వాదనల్లో గట్టిది ఒకటుంది: అంత చదివినవాడు సీమకు రాడు. యాడికి రాడు, ఒప్పుకుంటా, రానక్కర్లేదు కూడా. అనంతపురంలో ఉంటే చాలు. అక్కడ ఉండాలంటే అక్కడ చదవాలి. సర్కారు వైద్య కళాశాల 2000 నుంచి అనంతపురంలోనే ఉంది, పాము కాట్లు, మందు తాగిన కేసులు కోకొల్లలు. ఎండీ, ఎంఎస్ వాళ్లు జిల్లా ఆసుపత్రిలో మూడు నెలలు పనిచేయాలన్న నిబంధన ఎలాగూ ఉంది. ఐసీయూ పైచదువు వాళ్లకు దాన్ని ఆరు నెలలు చేయండి, నగరం ఐసీయూల నుంచి ఇటు పంపండి. మన రోగుల దగ్గర వాళ్లు నేర్చుకునేదే ఎక్కువ.

వెంటిలేటరుకు రిబ్బను కట్టి ఫొటో దిగే నాయకుణ్ని ఈసారి ఆపి అడగాలనుంది: రాత్రి రెండింటికి దీని పక్కన టేపు పట్టుకుని ఎవరుంటారు సామీ?