నలుపు చూచి బలమనుకోవద్దు

ఈ నెల మన శీర్షికలో మద్యం మాట వచ్చినందుకు పెద్దలు కోపగించరాదు. త్రాగుడని చెప్పడానికి కాదు ఈ ప్రస్తావన. స్టౌటు అనే నల్ల బీరు రక్తం పట్టిస్తుందనీ, బాలింతకు పాలు పడేటట్లు చేస్తుందనీ ఒక నమ్మకం పడమటి దేశాలలో చాలాకాలం చెల్లింది. పిల్లలు విదేశాలలో ఉన్న మన ఇండ్లకూ ఆ మాట చేరవచ్చును గనుక నిజానిజాలు తెలిసి ఉండడం మంచిది.

ఐర్లండులోని డబ్లిన్ నగరంలో ఆర్థర్ గిన్నిస్ అనే ఆయన 1759లో ఒక బీరు కార్ఖానాను ఏడాదికి 45 పౌన్ల చొప్పున 9000 సంవత్సరాలకు కౌలుకు పుచ్చుకొన్నాడు. తరువాతి కాలంలో ఆ కార్ఖానాకు లోకమంతటా పేరు తెచ్చినది స్టౌటే.

దానికి ఆ నలుపు ఎక్కడిదంటారా? బాగా వేయించిన బార్లీ గింజలది. 1817లో డేనియల్ వీలర్ అనే ఇంగ్లీషువాడు, మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని తిరిగే డ్రమ్ములో నల్లగా వేయించే పద్ధతికి పేటెంటు పొందాడు. అటువంటి గింజలు కొద్దిగా కలిపితే చాలు, పీపా అంతా నల్లబడుతుంది. ఇంట్లో కాఫీ గింజలు వేయించుకొన్న వారికి ఈ మర్మం వేరే చెప్పనక్కరలేదు.

స్టౌటును పరీక్షించేవారు మొదట గ్లాసును దీపానికెత్తి చూస్తారు. నలుపనుకొన్నది ముదురు కెంపు రంగుగా కనిపిస్తుంది. తరువాత నురుగు చూస్తారు. 1959 నుంచి గిన్నిస్ వారు పీపా బీరులోనికి నత్రజనిని కూడా ఎక్కించసాగారు. అది ద్రవంలో సులభంగా కరగదు గనుక బుడగలు సన్ననివై, నురుగు మీగడవలె నిలుస్తుంది. ఆపైన వాసన: కాఫీ, చాక్లెట్ వాసన వస్తే మంచిదే, తడిసిన అట్ట వాసన వస్తే నిలవ చెడినట్లు. చివరకు రుచి: చేదు వేయించిన గింజలదా, హాప్సు పూలదా, మింగిన తరువాత ఎంతసేపు నిలిచిందీ గమనిస్తారు. మరీ చల్లగా ఉంటే వాసనా రుచీ తేలవు.

రెండు బీర్లకు నిజంగా తేడా ఉన్నదా అని తేల్చడానికి మూడు గ్లాసులు పెడతారు. రెండింటిలో ఒకటే బీరు, మూడవదానిలో వేరు. ఆ వేరుదానిని పట్టుకోవాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి సరిపోతుంది గనుక, ఒక్కసారి చెప్పిన మాటను సాక్ష్యంగా తీసుకోరు. కొద్దిపాటి పరీక్షలనుంచి ఎంతవరకు నమ్మవచ్చుననే లెక్కను కట్టినవాడు ఆ కార్ఖానా ఉద్యోగి విలియం గాసెట్. 1908లో ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో ప్రకటించాడు. నేడు వైద్యంలోనూ, వ్యవసాయంలోనూ ఆ లెక్కను వాడుతున్నారు.

ఇక అసలు సంగతి. స్టౌటు ఒంటికి మంచిదని 1929 నుంచి గిన్నిస్ వారు ప్రకటనలు వేశారు. జనం నమ్మారు. కాని నలుపు బలానికి గుర్తు కాదు. ఆ పీపా స్టౌటులో ఆల్కహాలు నూటికి 4.2 వంతులే, తెల్లగా కనిపించే మామూలు బీర్లు అనేకం 5 వంతులవి. ఒక పైంటులో ఇనుము సుమారు 0.3 మిల్లీగ్రాములు మాత్రమే. రక్తం పట్టడానికి అది ఏమూలకు? పైగా తల్లి త్రాగిన ఆల్కహాలు పాలలోనికి దిగుతుంది. త్రాగిన తరువాతి గంటలలో బిడ్డ కుడిచే పాలు తగ్గినట్లు 1991లో ప్రకటితమైన ఒక అమెరికా పరిశోధనలో కనుగొన్నారు. పాలు పెంచుతుందనుకొన్నది బిడ్డకు పాలు తక్కువ చేసిందన్నమాట.

కూతురి పురుటికి, కోడలి పురుటికి విదేశం వెళ్ళే తల్లులు ఈ మాట మరువవద్దు. ఎవరైనా స్టౌటు సీసా తెచ్చి బాలింతకు పట్టించమంటే, మర్యాదగా వద్దనండి. పప్పూ, ఆకుకూరా వండిపెట్టండి. రక్తం తక్కువైతే డాక్టరు వ్రాసిన ఇనుము మాత్రలు వేళకు వేయించండి.