హజీరా కార్మికునికి సముద్రపు గాలి దక్కేనా?

దేశ పారిశ్రామిక పటంలో హజీరాది పెద్ద పేరు. తాపీ నది ఖంబాత్ సింధుశాఖలో కలిసే చోట, సూరత్ నగరానికి సుమారు 25 కిలోమీటర్ల దూరాన ఎరువులు, ఉక్కు, పెట్రో రసాయనాలు, భారీ యంత్రాల కర్మాగారాలు బారులు తీరి ఉన్నాయి. ఉత్తరాదికి సహజవాయువును మోసుకుపోయే హజీరా - విజయ్‌పూర్ - జగదీశ్‌పూర్ పైపులైను ఇక్కడే మొదలవుతుంది. ఇంత సంపద సృష్టించే చోట షిఫ్టు దిగిన మనిషి ఎక్కడ కూర్చుని టీ తాగుతాడన్న ప్రశ్న మాత్రం ప్రణాళికలు రచించేవారికి సాధారణంగా తట్టదు.

భోజనం సూరత్‌లో, మరణం కాశీలో అని గుజరాతీ సామెత. పర్యాటకులు నగరంలో లోచో, ఖమణ్, ఘారీ రుచి చూసి, తాపీ దక్షిణ తీరాన ఉన్న డుమస్ బీచిలో టమాటా బజ్జీలు తిని తిరుగుముఖం పడతారు. నదికి ఉత్తరపు గట్టున హజీరా వైపు వారి చూపు పడదు. ఆ గట్టునే ఉన్న పాత రేవు రాందేర్‌లో చిన్న పూరీలపై బంగాళాదుంప కూర, కోకం చట్నీ వేసి ఇచ్చే ఆలూ పూరీకి సామాన్యుల ఆదరణ ఎంతో. రంగూన్‌లో వ్యాపారాలు చేసి తిరిగి వచ్చిన ఇక్కడి కుటుంబాలు వెంట తెచ్చిన బర్మా వంటకం ‘ఖావ్‌సా’ నేటికీ అక్కడ దొరుకుతుంది. శీతకాలం వస్తే లేత జొన్నకంకులు కాల్చి నూర్చిన ‘పోంక్’ అమ్మకానికి వస్తుంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి సూరత్ మరమగ్గాల మీద పనికి వచ్చి లింబాయత్ ప్రాంతంలో స్థిరపడిన తెలుగువారికి ఇది కొత్తది కాదు. అది మన ఊచబియ్యమే.

ఇక సువాలి. హజీరాను ఆనుకొని ఉన్న ఈ నల్ల ఇసుక తీరంలో గొప్ప హోటళ్లు లేవు. నిప్పుల మీద కాల్చిన మొక్కజొన్న కంకులు, బజ్జీలు, టీ అమ్మే బడ్డీలే ఉన్నాయి. 1612లో కెప్టెన్ థామస్ బెస్ట్ నౌకలు పోర్చుగీసు వారిని ఓడించింది ఈ తీరానికెదురుగానే. ఆంగ్లేయుల వర్తకం సూరత్‌లో పాదూనడానికి దారి తీసిన ఘటన ఇది. ఐరోపా దాటి కాలినడకన భారతదేశం చేరిన టామ్ కోరియట్ 1617లో సూరత్‌లో మరణించాడు. అప్పటికే రోగపీడితుడైన అతనికి ఆంగ్ల వర్తకులు ఇచ్చిన మద్యం వికటించిందని సమకాలికుడు ఎడ్వర్డ్ టెర్రీ రాశాడు. సువాలి ప్రాంతంలో అతని పేరిట ఒక సమాధి ఉంది. నేటి గుజరాత్‌లో సాధారణ కార్మికునికి మద్యం చట్టబద్ధంగా అందుబాటులో లేదు. 1960లో రాష్ట్రం ఏర్పడిన నాటి నుంచి మద్యనిషేధం అమలులో ఉంది. 2023 డిసెంబరులో ఇచ్చిన సడలింపు గాంధీనగర్ సమీపాన గిఫ్ట్ సిటీ ఉద్యోగులకు, అతిథులకు మాత్రమే. హజీరా శ్రామికుని పానీయం టీ, మజ్జిగ, చెరకురసం. కనుక అతనికి కావలసినది కూర్చునే చోటు.

ఆ చోటు ఎంత అవసరమో 2020 మే నెలలో మోరా గ్రామం తెలియజెప్పింది. లాక్‌డౌన్‌లో ఇరుకు గదులలో చిక్కుకున్న వలస కార్మికులు తమను స్వగ్రామాలకు పంపాలంటూ అక్కడ వీధిలోకి వచ్చారు. గదిలో నిద్రపోగలరు కాని జీవించలేరు. మామూలు రోజులలో ఈ వెలితిని పూడ్చేవి రోడ్డుపక్క ధాబాలు, టీ బడ్డీలు, సువాలి ఇసుక.

ఇప్పుడు సువాలి మీద ప్రభుత్వ దృష్టి పడింది. తీరోత్సవాలు జరుగుతున్నాయి. పర్యాటక అభివృద్ధి మాట వినిపిస్తోంది. ఇది స్వాగతించదగినదే. అక్కడ అలల ఉధృతికి యువకులు కొట్టుకుపోయిన దుర్ఘటనలు లేకపోలేదు. ఈత నిపుణులైన రక్షకులు, దీపాలు, మరుగుదొడ్లు, తాగునీరు తక్షణావసరం. అయితే అభివృద్ధి పేరిట ముందుగా ప్రవేశ రుసుము, తర్వాత బడ్డీల తొలగింపు రావడం ఇతర చోట్ల చూసిన తంతే. విశాఖ రుషికొండ తీరానికి 2023లో 20 రూపాయల రుసుము ప్రతిపాదించి, ప్రజల నిరసనతో వెనక్కు తీసుకోవలసి వచ్చింది. కుటుంబంతో వచ్చే మగ్గం కార్మికునికి అది చిన్న మొత్తం కాదు.

నిధుల కొరత అన్న సాకు హజీరాలో చెల్లదు. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద సంస్థలు మూడేళ్ల సగటు నికరలాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద వెచ్చించాలి. సెలవు రోజుల్లో లింబాయత్, ఉధ్నా ప్రాంతాల నుంచి సువాలికి బస్సులు నడపడానికీ, రక్షకుల జీతాలకూ అందులో స్వల్పభాగం చాలు. వీధి వ్యాపారుల రక్షణకు 2014లో వచ్చిన చట్టం ప్రధానంగా పట్టణాలను దృష్టిలో ఉంచుకొని చేసినది. గ్రామీణ తీరంలోని బడ్డీలకు అదే భరోసాను జిల్లా యంత్రాంగం స్వయంగా కల్పించాలి. కొత్త దుకాణాలు కట్టదలచుకుంటే కేటాయింపు జాబితాలో మొదటి పేర్లు ఇప్పుడు అక్కడ కంకులు కాలుస్తున్న వారివే కావాలి.