నమాజ్‌ని కస్రత్ అనకండి, కస్రత్‌ని కుఫ్ర్ అనకండి

మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ తిరుగుతోంది. ఎవరో మౌల్వీ సాబ్ అట, పేరు లేదు. ఇంట్లో ఫోన్ పెట్టుకుని యోగా వీడియోలు చూసి చేసే బహెన్లు తమ ఈమాన్ గురించి ఫికర్ చేయాలట. దాని కింద మా చాచా ఒకాయన రాశారు: “ఐదు పూటలు నమాజ్ చదివే ఔరత్‌కి వేరే కస్రత్ ఎందుకు?” వెంటనే వరసగా ‘బేషక్’, ‘బేషక్’.

నా ఝగడా ఆ ‘బేషక్’ తోనే.

నమాజ్ ఇబాదత్. నియ్యత్ అల్లాహ్ కోసం. దాన్ని తీసుకొచ్చి నడుం నొప్పికి మందులా చూపిస్తే నమాజ్ కద్ర్ పెరిగినట్టా, తగ్గినట్టా? మా అమ్మీకి మోకాళ్లు వంగవు, కుర్చీ మీద కూర్చుని చదువుతుంది. కూర్చోలేనివాళ్లు పడుకుని ఇషారాతో చదవొచ్చని షరీఅత్ ఇజాజత్ ఇచ్చింది. నమాజ్ కస్రతే అయితే మా అమ్మీ నమాజ్ సగమేనా? తౌబా! ఇంకో మాట. రోజుకి పదిహేడు ఫర్జ్ రకాత్‌లు. ప్రతి రుకూలో, ప్రతి సజ్దాలో ఇత్మినాన్ ఉండాలని, హడావుడి పడొద్దని చిన్నప్పటి నుంచి నేర్పారు. కస్రత్ అడిగేది దీనికి ఉల్టా. దిల్ గట్టిగా కొట్టుకోవాలి, చెమట పట్టాలి. పెద్దవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాలు అలాంటి మెహనత్ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. షుగర్ లేని ఇల్లు మనలో ఎన్ని ఉన్నాయో మీరే లెక్కేసుకోండి.

ఇంతకీ ఆ చాచా ఫజర్ చదివి, షూస్ వేసుకుని, వెస్ట్ మారేడ్‌పల్లి పార్కులో నాలుగు చక్కర్లు కొట్టి, ఇరానీ చాయ్ తాగి ఇంటికొస్తారు. ఆయనకి నమాజ్ చాల్లేదా? నేను అడిగాను. జవాబు రాలేదు, గుడ్ మార్నింగ్ గులాబీ పువ్వు మాత్రం వచ్చింది.

చాచాకి పార్కుంది. ఇటు ఈస్ట్ మారేడ్‌పల్లి గల్లీల్లో రెండు గదుల ఇంట్లో ఉండే చాచీకి ఏముంది? జిమ్‌లో ఫీజు, మర్ద్ ట్రైనర్లు. పార్కులో పదిమంది నజర్. అందుకే బియ్యం డబ్బాకి ఫోన్ ఆనించి, తలుపు గడియ పెట్టి, పిల్లల టిఫిన్ బాక్సులకి ముందు దొరికే అరగంటలో చేస్తున్నారు. నేనూ అలాగే చేస్తాను. ఆ అరగంట కూడా మీకు ఖటక్‌తోందా?

అఖీదా సవాల్ నుంచి నేను తప్పించుకోను. మంత్రం చదవను, ఓం అనను, సూర్యుడికి సలాం చేయను. ఆ ముక్క వస్తే వీడియో గొంతు నొక్కేస్తాను. 2008లో మలేషియా ఫత్వా కౌన్సిల్ యోగాను మనా చేసిందని అందరూ చెబుతారు. కొద్ది రోజుల్లోనే అక్కడి ప్రధాని అబ్దుల్లా బదావీ, మంత్రాలు లేకుండా వ్యాయామంగా చేసుకోవచ్చని చెప్పింది మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు. 2017లో సౌదీ అరేబియా యోగాను ఒక ఖేల్‌గా ఒప్పుకుంది. పాత సంగతి కావాలంటే, పతంజలిని అరబీలోకి తెచ్చింది పదకొండో సదీ అల్-బిరూనీ. షత్తారీ సిల్సిలా బుజుర్గ్ షేక్ ముహమ్మద్ గౌస్ గ్వాలియరీ యోగా మీద ఫార్సీలో ‘బహ్రుల్ హయాత్’ రాశారు. షహ్‌జాదా సలీం కోసం ఆసనాల బొమ్మలతో తయారైన ఆ కితాబ్ ప్రతి ఇప్పుడు డబ్లిన్‌లో ఉంది. వాళ్లకి లేని భయం మనకెందుకు? (జూన్ 21న ముసల్మాన్ వంగాడా లేదా అని చూసి వఫాదారీ కొలిచేవాళ్లకి కూడా ఒక మాట. నా నడుం మీ సర్టిఫికెట్ కోసం వంగదు.)

ఆగకుండా ఒక భంగిమలోంచి ఇంకో దాంట్లోకి శ్వాసతో పాటు జారిపోయే పద్ధతిని విన్యాస అంటారు. 1930లలో మైసూరు జగన్మోహన్ ప్యాలెస్‌లో కృష్ణమాచార్య కుర్రాళ్లకి నేర్పిన దారి అది. అందులో మాటిమాటికీ వచ్చే ముక్క చూడండి. అరచేతులు నేల మీద, నడుం పైకి, ఛాతీ నేలకి దగ్గరగా దిగి మళ్లీ లేవడం. పాతబస్తీ తాలీమ్‌ఖానాల్లో మన పహిల్వాన్లు తీసిన దండ్‌కి అది సగీ చెల్లెలు. గామా పహిల్వాన్ దండ్‌లు వేలల్లో తీసేవాడని గర్వంగా చెప్పుకుంటాం. ఆయన తీస్తే షాన్, ఆయన మనవరాలి వయసు పిల్ల తీస్తే షిర్క్?

అయితే తాలీమ్‌ఖానాలో ఉస్తాద్ ఉండేవాడు. మోచెయ్యి పక్కకి పోతే కర్రతో తట్టేవాడు. ఫోన్ తట్టదు. నా అసలు ఫికర్ ఇదే. విన్యాసలో తల కిందికి పోయాక స్క్రీన్ కనపడదు, మెడ తిప్పి చూస్తే మెడ పట్టేస్తుంది. వీడియోలో అమ్మాయి పరుగెడుతుంటుంది, మనం వెనకపడి, ఊపిరి బిగబట్టి దూకుతాం. కిందికి దిగేటప్పుడు భుజాలు మోచేతుల కన్నా కిందికి జారితే బరువంతా భుజం కీలు మీద పడుతుంది. ముందు మోకాళ్లు నేలకి ఆనించి దిగండి, ఇందులో షరమ్ లేదు. వీడియోని ఒకసారి ఊరికే కూర్చుని చూడండి, తర్వాత ఆపి ఆపి చేయండి. బీపీ అదుపులో లేనివాళ్లు, కళ్లలో ప్రెషర్ ఉన్నవాళ్లు, షుగర్ వల్ల కంటి పరదా దెబ్బతిన్నవాళ్లు, హామిలా ఔరత్‌లు డాక్టర్‌ని అడగకుండా తల కిందికి వంచొద్దు. ఆ వాయిస్ మెసేజ్‌లో ఈ మాటల్లో ఒక్కటీ లేదు. ఈమాన్ మీద అంత ఫికర్ ఉన్న సాబ్‌కి మణికట్టు మీద ఎందుకు లేదు?

మా హాలు ఆదివారం వలీమాలకి తప్ప వారమంతా తాళం వేసి ఉంటుంది. వారానికి మూడు పొద్దులు, ఔరత్‌లకి మాత్రమే, ఒక ఉస్తానీని పెట్టి నేర్పిస్తే కమిటీకి ఖర్చయ్యేది కరెంటు. ఉస్తానీ ఫీజు మేమే చందా వేసుకుంటాం. పేరు యోగా అని ఉంటే ఇబ్బంది అయితే వర్జిష్ అని రాసుకోండి. తొమ్మిది మందిమి దస్తఖత్‌లు పెట్టిన దర్ఖాస్త్ సిద్ధంగా ఉంది. జుమ్మా తర్వాత సదర్ సాబ్ చేతికి ఇస్తున్నాం. కింద మా చాచీ దస్తఖత్ కూడా ఉంది. చాచాకి ఇంకా తెలీదు.