ఇంటి గూట్లో ఉన్న ట్యూబు మందు



పెద్దపంజాణి, పుంగనూరు వైపు పొలం గట్ల మీద తెల్లని చిన్న పూలతో పెరిగే వయ్యారిభామ మొక్క మీరెరిగినదే. 1950వ దశకంలో పూనాలో కనిపించిన ఈ కలుపు దేశమంతా వ్యాపించింది. ఇది సరిపడని వారికి ముఖం, కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు ఎర్రబడి, వాచి, నిద్రపట్టనంత దురద పెడతాయి. ఇది అంటువ్యాధి కాదు.

ఇటువంటి వాపుకు డాక్టర్లు స్టెరాయిడ్ పూతమందు వ్రాసి ఇస్తారు. 1952లో హైడ్రోకార్టిసోన్ పూత ఫలితమిచ్చినప్పటి నుండి ఈ మందులు ఎందరికో మేలు చేశాయి. కనుక భయపడి రెండు రోజులకే మానవద్దు. డాక్టరు చెప్పినన్ని రోజులు, చెప్పిన చోటనే పూయండి. చూపుడు వ్రేలి చివరి కణుపు పొడవున తీసిన మందు రెండు అరచేతులంత చోటుకు చాలు.

చిక్కు ఎక్కడంటే, మిగిలిన ట్యూబును గూట్లో దాచి, ఇంట్లో ఎవరికి దురద వచ్చినా అదే పూస్తాము. తామర బూజు వలన వచ్చేది. స్టెరాయిడ్ పూస్తే దురద, ఎరుపు తగ్గుతాయి గాని బూజు చావదు; లోలోపల ప్రాకుతుంది. మందు ఆపగానే మరింత పెద్దదిగా బయటపడుతుంది. తెల్లబడాలని ముఖానికి నెలల తరబడి పూసే యువతుల చర్మం పలుచబడి, మొటిమలు లేచి, ఎండకు మండుతుంది. పసిపిల్లల చర్మం ద్వారా మందు ఒంట్లోకి కూడా చేరుతుంది. అందుకే 2018లో కేంద్ర ప్రభుత్వం ఇటువంటి పూతమందులను డాక్టరు చీటీపైనే అమ్మాలన్న నిబంధనను కట్టుదిట్టం చేసింది.

స్పర్శలేని పాలిపోయిన మచ్చ కనబడితే ఏదీ పూయకుండా ప్రభుత్వాసుపత్రిలో చూపించండి. అది కుష్ఠు అయితే మందులు ఉచితంగా ఇస్తారు, పూర్తిగా నయమవుతుంది.

వయ్యారిభామను పూత రాకముందే, చేతులకు తొడుగులు వేసుకొని, ముఖానికి గుడ్డ కట్టుకొని పీకండి. ఇది సరిపడనివారు ఆ పని ఇతరులకు విడిచిపెట్టండి. పని ముగిసిన వెంటనే సబ్బుతో కడుగుకొని, బట్టలు మార్చుకోండి.

ఈ సాయంకాలం మీ గూట్లోని ట్యూబు తీసి, చదువుకున్న పిల్లలచేత పేరు చదివించండి. బీటామెథాసోన్, క్లోబెటాసాల్, మొమెటాసోన్ అని ఉంటే అది స్టెరాయిడే. ఎవరికి వ్రాసిన మందు వారికే. పొరుగింటివారు అడిగినా ఇవ్వకండి. డాక్టరు దగ్గరకు వెంటబెట్టుకొని వెళ్ళండి.