సర్వర్ పరాయిది, జవాబుదారీ మనదే

గుంటూరు కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలు దించితే చేతికి రసీదు వస్తుంది. సరుకు ఎవరిదో, ఎంతో అందులో ఉంటుంది. అదే మిర్చిని కారం పట్టించి, ప్యాకెట్లు కట్టి వెబ్‌సైట్‌లో అమ్మే కుటుంబాన్ని అడిగి చూడండి: కొన్నవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు, చిరునామాలు ఎక్కడ ఉన్నాయి? ‘సైట్ చేసిచ్చిన అబ్బాయికి తెలుసు’ అనే జవాబే రావచ్చు.

ఇకమీదట ఆ జవాబు చెల్లదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి కేంద్రం 2025 నవంబరులో నిబంధనలు ప్రకటించింది. వ్యాపారుల మీద పడే ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చింది. అంటే 2027 మే దాకా. డేటా హోస్టింగ్ కంపెనీ సర్వర్‌లో ఉన్నా సరే, దాన్ని సేకరించిన వ్యాపారే బాధ్యుడని చట్టం 8వ సెక్షన్ చెబుతోంది. ఆ కంపెనీతో ఒప్పందం కూడా ఉండాలి. తగిన భద్రత పాటించకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండొచ్చు. కారం ప్యాకెట్లు అమ్మేవాళ్లకు అంత వేస్తారని కాదు, తప్పు తీవ్రతను బట్టి డేటా రక్షణ బోర్డు నిర్ణయిస్తుంది. కానీ డేటా లీకైతే బోర్డుకే కాదు, ఆ కొనుగోలుదారులకూ చెప్పాలి. చిన్న ఊళ్లో వ్యాపారానికి జరిమానా కన్నా అదే పెద్ద దెబ్బ.

కార్డుల సంగతి ఇప్పటికే తేలిపోయింది. రిజర్వ్ బ్యాంక్ ఆదేశాల ప్రకారం 2022 అక్టోబరు 1 నుంచి దుకాణదారు కార్డు నంబరు దాచుకోకూడదు. చివరి నాలుగు అంకెలు, బ్యాంకు పేరు ఉంచుకోవచ్చు, అంతే. కాబట్టి డబ్బు కట్టే పేజీ పేమెంట్ గేట్‌వేదే అయి ఉండాలి. సొంత ఫారంలో కార్డు నంబరు, సీవీవీ రాయించుకునే సైట్ ఏదైనా ఉంటే ఈరోజే ఆపేయాలి.

అసలు ప్రమాదం మిగతా వివరాలతోనే. ఎవరు ఏం కొన్నారో, ఎంత కట్టారో మోసగాడికి తెలిస్తే ‘మీ పార్శిల్ ఆగింది, ఈ లింక్ నొక్కండి’ అన్న ఫోన్ నమ్మశక్యంగా ఉంటుంది. డబ్బు పోయాక 1930కి ఫోన్ చేయాల్సింది కొనుగోలుదారు, పేరు పోయేది దుకాణానికి. రంజాన్ సీజన్‌లో వచ్చిన ఆర్డర్ల చిట్టా, యూపీఐ స్క్రీన్‌షాట్లు ఏళ్ల తరబడి సర్వర్‌లో, వాట్సాప్‌లో ఎందుకు? పన్ను లెక్కలకు కావాల్సింది ఉంచుకుని మిగతాది తీసేస్తే, దొంగ వచ్చినా దొరికేది తక్కువ.

డొమైన్, హోస్టింగ్ ఖాతాలు ఎవరి పేరు మీద ఉన్నాయో ముందు చూసుకోవాలి. సైట్ చేసిన అబ్బాయి గల్ఫ్ వెళ్తే పాస్‌వర్డ్ కూడా విమానం ఎక్కేస్తుంది. ఖాతాను యజమాని పేరుకు మార్పించుకుని, పాస్‌వర్డ్ మార్చి, రెండో దశ ఓటీపీ పెట్టించుకోవడానికి ఒక పూట చాలు.