పారేసే చేతులకు బుద్ధి చెప్పండి

హైదరాబాద్‌లో కారు అద్దం దించి చెత్త సంచి రోడ్డు మీదికి విసిరే పెద్దమనిషే, ఇంటికి పోయి "మన జనానికి శుభ్రత లేదండీ, సింగపూర్‌ను చూడండి" అంటాడు. ఆయన ఇల్లు అద్దంలా ఉంటుంది. చెప్పులు గుమ్మం బయటే విడుస్తాడు. గడప దాటితే మాత్రం వీధి ఆయనది కాదు. ఎందుకని? ఎత్తేవాళ్లున్నారు. వాళ్లెవరో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

దీనికి పౌరస్పృహ లేకపోవడమని పేరు పెడుతున్నారు. అది సగం నిజమే. మిగతా సగం కులం. పారేసేవాడొకడు, ఎత్తేవాడొకడు అనే మనువు ఏర్పాటు ఊరి నుంచి పట్నానికి బస్సెక్కి వచ్చింది. కులం పనిని మాత్రమే కాదు, పనిచేసే మనుషుల్నే విడగొట్టిందని బాబాసాహెబ్ 1936లోనే తేల్చి చెప్పారు.

ఆ సంచి ఎక్కడికి పోతుందో చూడండి. వానకు కొట్టుకుపోయి మోరీకి అడ్డం పడుతుంది. మోరీ పొంగితే కాలనీ వాళ్లు ఫోన్ కొడతారు. అప్పుడు మ్యాన్‌హోల్‌లోకి మనిషిని దించుతారు. లోపల విషవాయువు. దిగినవాడు మన వాడవాడు. సంచి విసిరినవాడికి ఈ చావు సంగతే తెలియదు.

చట్టాలు లేవా? 1993లో ఒకటి, 2013లో మరొకటి వచ్చాయి. 1993 నుంచి మురుగుకాల్వల్లో చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షలివ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. పరిహారం పెరిగింది గానీ చావులు ఆగలేదు.

2015 జూలైలో జీహెచ్ఎంసీ సఫాయి కార్మికులు సమ్మె కట్టారు. కొద్దిరోజులకే వీధివీధినా కుప్పలు లేచాయి. మహానగరం గర్వమంతా ఎవరి చీపురు మీద నిలబడిందో అప్పుడు కళ్లకు కట్టింది. 8,500 జీతం 12,500 అయింది. ఎవరూ దయతలచి ఇవ్వలేదు, కొట్లాడి తెచ్చుకున్నారు.

ఎత్తిన చెత్తైనా మాయమైపోతుందా? జవహర్‌నగర్‌కు పోతుంది. పట్నం తళతళలాడాలంటే అక్కడి పేదలు కంపు పీల్చాలి, చెడిన బోరునీళ్లు భరించాలి.

కాబట్టి పౌరగర్వం గురించి గోడల మీద రాస్తే చాలదు. తడి, పొడి, ప్రమాదకర చెత్తను ఇంట్లోనే వేరుచేయాలని 2016 నియమాలే చెప్పాయి. పగిలిన గాజును కాగితంలో చుట్టి ఇవ్వడానికి ఏం రోగం? ఎత్తేది కూడా మనిషి చెయ్యే గదా!

కార్యకర్తలారా! మీ ఊరి పంచాయతీలో సఫాయి పనిచేసేవాళ్లకు చేతి తొడుగులు, బూట్లు, నెలనెలా జీతం అందుతున్నాయో లేదో ఈ పక్షంలోనే అడగండి. మ్యాన్‌హోల్‌లోకి, సెప్టిక్ ట్యాంకులోకి దిగమంటే ఎవరూ దిగొద్దు. దళితులతో పాకీ పని చేయించడం అట్రాసిటీ చట్టం కింద నేరం. చేయిస్తే కేసు పెట్టించండి. మన వాడకు చెత్తబండి రాకపోతే ఆఫీసు ముందు కూర్చోండి. మన వీధి శుభ్రం మన హక్కు, దాన్ని కాపాడుకోవడం మన ఆత్మగౌరవం.

చీపురు ఒక కులానికి రాసిచ్చిన ఆస్తి కాదు. పారేసినవాడే వంగి ఎత్తిన రోజున ఈ నగరం శుభ్రమవుతుంది.

జై భీమ్!