పండోరాకు లేని గ్రామసభ

2009 డిసెంబరులో వచ్చిన ‘అవతార్’ సినిమాలో ఖనిజం కోసం భూమి నుంచి వెళ్లిన కంపెనీ పండోరా గ్రహవాసుల నివాసవృక్షాన్ని కూల్చేస్తుంది. మరుసటి ఏడాది సర్వైవల్ ఇంటర్నేషనల్ సంస్థ హాలీవుడ్ పత్రిక ‘వెరైటీ’లో ప్రకటన వేయించి, ఒడిశా నియమగిరి కొండ మీది డోంగ్రియా కోంధు ఆదివాసుల గోడు పట్టించుకోమని దర్శకుడు జేమ్స్ కామెరాన్‌ను వేడుకుంది. ఆ కొండ నెత్తిన ఉన్నది బాక్సైట్.

సైన్స్ ఫిక్షన్‌తో ఒక చిక్కుంది. అధికారం ముందు మనిషి ఎంత నిస్సహాయుడో సరిగ్గానే చూపిస్తుంది. తీరా గట్టెక్కించడానికి బయటి నుంచి ఒక వీరుణ్ణి దించుతుంది. నియమగిరికి ఏ వీరుడూ దిగలేదు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు గనిపై నిర్ణయాన్ని గ్రామసభలకే వదిలింది. పన్నెండు ఊళ్లలో సభలు పెడితే పన్నెండూ వద్దన్నాయి. గని ఆగిపోయింది.

మన అరకు పొరుగునే, అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల లీజులపై ‘సమత’ సంస్థ 1997లో కేసు గెలిచింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గిరిజనేతరుల పరం చేయరాదన్న నిబంధన సర్కారుకూ వర్తిస్తుందని ఆ తీర్పు తేల్చింది. ఏలినవారిని కూడా మామూలు ‘వ్యక్తి’గా లెక్కగట్టిన తీర్పది, ఏ కాల్పనిక రచయితా అంత సాహసించి ఉండడు.

ఆ మండలంలోనే పెదకోట వద్ద ప్రైవేటు పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టుకు 2022లో రాష్ట్ర ప్రభుత్వం పచ్చజెండా ఊపింది. కరెంటు మిగిలిన వేళ కింది జలాశయం నీటిని పైదానికి తోడి, గిరాకీ వేళ వదిలి విద్యుత్తు తీస్తారు. ఎండ, గాలి ఇచ్చే కరెంటును దాచుకోవాల్సిన అవసరాన్ని మేము కాదనం. కాదనేది ఊరిని అడగకముందే అనుమతిచ్చే వరసను. ముహూర్తం పెట్టి, శుభలేఖలు పంచి, ఆనక పిల్లనడిగినట్టుంది ఈ తంతు.

అడవి భూమి మళ్లింపునకు గ్రామసభ సమ్మతి ఉండాలని కేంద్రం ఉత్తర్విచ్చింది కూడా 2009లోనే. 2022 నాటి అటవీ నియమాలు ఆ బాధ్యతను రాష్ట్రంపైకి నెట్టి, కేంద్రం ఆమోదం తర్వాతి మెట్టుకు దించాయి. దించినా, బాధ్యత రద్దు కాలేదు. కనుక పెదకోట సహా మన్యంలోని ఇలాంటి ప్రాజెక్టుల అనుమతులన్నింటినీ ముఖ్యమంత్రి తక్షణం పక్కన పెట్టాలి. నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో, ఏ పొలాలు పోతాయో ప్రజలకు అర్థమయ్యే కువి, ఆదివాసీ ఒడియా, తెలుగు భాషల్లో చెప్పి, పోలీసులు లేని చోట సభలు జరపాలి. ఊరు వద్దంటే ఫైలు అక్కడితో మూయాలి. ఆర్నెల్లాగి మరో తేదీతో అదే సభను మళ్లీ పిలవకూడదు.